ఏ ముక్క ఎవరి కంచంలోకి?

రైల్లో పోయేవాళ్లకు కడంబూరంటే బోళీ. మదురై నుంచి తిరునెల్వేలి పోయే దారిలో కోవిల్‌పట్టి దాటాక ఆ స్టేషను వస్తుంది. ఊళ్లో ఉండేవాళ్లకు మాత్రం ఆదివారం పొద్దున్న మాంసం కొట్టు ముందు నిలబడితేనే ఆదివారం. ఒకాయన ఎముక లేకుండా అరకిలో తొడకరి అడుగుతాడు. ఇంకొకాయనకు నెంజెలుంబు కావాలి, పులుసుకు రుచి దానితోనే వస్తుందని. ఇంట్లో ఎవరికైనా కాలు విరిగితే ఆట్టుకాళ్లు. వెనకగా నిలబడ్డ ఒకావిడ గొంతు తగ్గించి అడుగుతుంది: “అన్నా, సువరొట్టి మిగిలిందా? పాపకు రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పింది.”

ఈ నల్లరేగడి సీమలో కమ్మవారు, రాజకంబళం వారు, రెడ్లు తరతరాలుగా ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటున్నా, కొట్టు దగ్గర పేర్లు మాత్రం తమిళంలోనే నడుస్తాయి. నెంజెలుంబు రొమ్ము ఎముక. ఆట్టుకాళ్లు మేక కాళ్లు. ఈరల్ మన కార్జం. నురైయీరల్ ఊపిరితిత్తులు. కుడల్ మనం బోటి అనేది. నల్లి ఎలుంబు మూలుగ బొక్క. ఆవిడ అడిగిన సువరొట్టి ప్లీహం; హైదరాబాదు కొట్లలో దాన్నే తిల్లి అంటారు.

ఒకే మేక ఒంట్లోని ఈ ముక్కలన్నిటికీ ఒకే ధర ఉండదు. ధరను నిర్ణయించేది మెత్తదనం, రుచి, ఎముక ఎంత పోతుందన్న లెక్క. అందులో పోషకాల లెక్క లేదు. అందుకే ఖరీదైన ముక్కే బలమైనదన్న నమ్మకాన్ని ఒకసారి నిదానంగా పరీక్షించాలి. ఎందుకంటే ఆ నమ్మకం మీదే ఇంట్లో వడ్డన జరుగుతుంది.

తొడలో బలం ఎక్కువా, పక్కటెముకల్లో ఎక్కువా?

కండ ఎక్కడిదైనా కండే. కొవ్వు తీసేసిన పచ్చి మేకమాంసం 100 గ్రాముల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, రెండు మూడు గ్రాముల కొవ్వు, దాదాపు 3 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. తొడ తీసుకున్నా, భుజం తీసుకున్నా, మెడ తీసుకున్నా మాంసకృత్తుల్లో తేడా ఒకటి రెండు గ్రాములు మించదు. తేడా వచ్చేదల్లా కండల మధ్య చేరే కొవ్వులో, ఎముకలో, కండను కట్టిపట్టే తెల్లటి నారలో. పక్కటెముకల దగ్గర, రొమ్ము దగ్గర కొవ్వు పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి అక్కడి ముక్కకు కేలరీలు ఎక్కువ, రుచి ఎక్కువ. తొడలో కొవ్వు తక్కువ, ఎముక ఒక్కటే, ముక్కలు పెద్దగా వస్తాయి. కొట్టువాడు దానికి ఎక్కువ అడగడంలో అన్యాయమేమీ లేదు. కానీ ఆ ఎక్కువ డబ్బు బలానికి ఇచ్చింది కాదు.

మరి కొన్ని ముక్కలు రబ్బరులా ఎందుకు సాగుతాయి? మేక నిలబడ్డా నడిచినా ఎక్కువ పనిచేసే కండలు మోకాలి కింద, మెడలో ఉంటాయి. ఆ బరువు మోయడానికి వాటిలో కొల్లాజెన్ అనే నార దట్టంగా అల్లుకుని ఉంటుంది. వేడి తగలగానే ఆ నార ముందు బిగుసుకుంటుంది. అందుకే అరగంట ఉడికిన మెడ ముక్క పచ్చిదానికన్నా గట్టిగా అనిపిస్తుంది. సన్నని సెగ మీద నీళ్లలో గంటల తరబడి ఉంచితే అదే నార కరిగి జిగురుగా మారి పులుసులోకి దిగుతుంది. వయసు పెరిగిన మేకలో ఈ నార గట్టిపడి కరగడానికి మొండికేస్తుంది. కట్టెల పొయ్యి మీద పొద్దున్నే మాంసం ఎక్కించి మధ్యాహ్నానికి దించే పాత ఇల్లాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇక్కడ లెక్కలు చూసేవాళ్లు తరచూ తికమకపడే చోటు ఒకటుంది. ఒక పట్టికలో మాంసకృత్తులు 20 అని, ఇంకో దాంట్లో 27 అని కనిపిస్తుంది. మొదటిది పచ్చిమాంసం, రెండోది కాల్చినది. మాంసం వండితే నీరు పోయి బరువు మూడో వంతు దాకా తగ్గుతుంది. మాంసకృత్తులు పెరగలేదు, చిక్కబడ్డాయి. ఉప్పు పట్టించి ఎండలో ఆరబెట్టే ఉప్పుకండంలో ఇది ఇంకా ఎక్కువ. దానితోపాటు ఉప్పూ ఎక్కువే, కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

మేకా, గొర్రా?

ఈ చుట్టుపక్కల పశువుల గురించి చెప్పకుండా మాంసం గురించి చెప్పలేం. నల్లటి ఒంటి మీద, ముఖానికి అటూ ఇటూ తెల్లటి లేదా ఎర్రటి చారలుండే కన్ని మేక విరుదునగర్, తూత్తుకుడి జిల్లాలదే. ఎత్తుగా ఉండే కొడి మేక, తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలుండే వేంబూరు గొర్రె కూడా ఈ మెట్టనేలలో పుట్టి పెరిగినవే. శనివారం ఎట్టయపురం సంతకు వెళ్తే అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. దీపావళి ముందు, బక్రీదు ముందు అక్కడ కాలు పెట్టే సందుండదు. కోతలయిన చేలలో రాత్రిళ్లు మందను కట్టి ఎరువు చేసుకునే పద్ధతిని ఇక్కడ కిడై అంటారు. ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఆ పేరుతోనే ఒక కథ రాశారు.

మేక కొవ్వును ఎక్కువగా లోపలే, పేగుల చుట్టూ, మూత్రపిండాల చుట్టూ దాచుకుంటుంది. గొర్రె చర్మం కిందా, కండల మధ్యా కూడా నింపుకుంటుంది. అందుకే కొవ్వు తక్కువ కావాలనుకునేవాళ్లకు మేకమాంసం మేలు. అయితే విదేశీ పట్టికల్లో గొర్రెమాంసానికి కనిపించే 20 శాతం కొవ్వును చూసి మన గొర్రెను తప్పుపట్టకూడదు. ఆ లెక్కలు దాణాతో కొవ్వెక్కించిన ఉన్ని గొర్రెలవి. రోజంతా మైళ్ల కొద్దీ నడిచి మోళ్లు మేసే వేంబూరు గొర్రెకు అంత కొవ్వు ఎక్కడిది? ఆ మాటకొస్తే విరుదునగర్‌లో నూనెలో వేయించి ఇచ్చే పరోటా, మటన్ సుక్కా కలిపి తినే భోజనంలో కొవ్వు ఎక్కువగా వచ్చేది పరోటా నుంచే.

మన దేశపు ఆహారాల లెక్క మనకే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పోషక విలువల పట్టికల్లో మేక భుజం, చాప్స్, కాళ్లు, మెదడు, నాలుక, ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, పేగులు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆ సంస్థ పుట్టింది తమిళనాడులోని కూనూరులో, 1918లో, బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ పెట్టిన చిన్న ప్రయోగశాలగా. 1958లో హైదరాబాదుకు మారింది.

సువరొట్టితో రక్తం పడుతుందా?

పడుతుంది. ఆవిడ గొంతు తగ్గించి అడగనవసరం లేదు.

మన ఒంట్లో ఒక ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. వయసు మళ్లిన కణాలను పట్టి విడగొట్టి, వాటిలోని ఇనుమును మళ్లీ వాడకానికి పంపే పని ఎక్కువగా ప్లీహంలో జరుగుతుంది. మేకలోనూ గొర్రెలోనూ అంతే. అందుకే ఆ చిన్న ముదురెరుపు ముక్కలో రక్తమూ నిండుగా ఉంటుంది, విడగొట్టిన కణాల ఇనుమూ పోగుపడి ఉంటుంది. అమెరికా వ్యవసాయశాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి గొర్రె ప్లీహంలో ఇనుము దాదాపు 42 మిల్లీగ్రాములు. అదే గొర్రె కాలేయంలో 7 మిల్లీగ్రాముల పైచిలుకు, మూత్రపిండాల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ ఆరుకు కాస్త పైన, గుండెలో నాలుగున్నర. మేక కండలో మూడుకు కాస్త అటూ ఇటూ. మాంసకృత్తుల్లో కూడా ప్లీహం వెనకబడలేదు, 17 గ్రాములుంటాయి. కొవ్వు మూడు గ్రాములే. ప్లీహంలోని ఇనుమంతా సులువుగా ఒంటికి పట్టే రూపంలో ఉండదన్న మాట నిజమే. అయినా ఈ వరుసలో దానికి దగ్గరగా వచ్చేది ఒక్క రక్తమే. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. మేకరక్తం 100 మిల్లీలీటర్లలో 8 నుంచి 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుందనుకుంటే, తెలంగాణలో నల్ల అని, ఇక్కడ రత్త పొరియల్ అని వండే కూరలో ఎంత ఇనుముందో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు. శుభ్రమైన గిన్నెలో పట్టిన రక్తమే కొనాలి, బాగా ఉడకాలి.

ఈ అంకెలు ఎందుకు ముఖ్యమంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో రక్తహీనత తమిళనాడులో 53.4 శాతం, తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగానికి పైగా! భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకు 19 చాలు. నెలనెలా పోయే రక్తం వల్ల ఆ తేడా. కానీ మన ఇళ్లలో ముక్కలు ముందు ఎవరి కంచంలో పడతాయి? మగవాళ్లకు, తర్వాత మగపిల్లలకు, చివర మిగిలిన పులుసూ రెండు ఎముకలూ వండిన మనిషికి. అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడికే తక్కువ చేరుతోంది. నాకు ఈ విషయంలో కోపముంది, దాచుకోను.

నిప్పుల మీద ఉప్పూ మిరియాలూ చల్లి కాల్చిన 50 గ్రాముల సువరొట్టిలో ఇరవై మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. ఇక్కడివాళ్లకు బాగా తెలిసిన కంబు, అంటే మన సజ్జ, 100 గ్రాముల్లో ఆరున్నర మిల్లీగ్రాములు ఇస్తుంది. గింజల ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే. మాంసంలోని హీమ్ ఇనుము దానికన్నా చాలా మెరుగ్గా పడుతుంది. అంతకన్నా ఆశ్చర్యమైన సంగతి ఇంకొకటి. మాంసం పక్కన ఉంటే గింజల ఇనుము కూడా ఎక్కువగా పడుతుంది. వెనిజులాలో మిగెల్ లైరిస్ బృందం 1960లలో రేడియోధార్మిక ఇనుమును గుర్తుగా వాడి, మొక్కజొన్న, నల్ల చిక్కుడు గింజల మీద దీన్ని తేల్చింది. కంబు కూడు పక్కన నాలుగు ముక్కల మాంసం పులుసు వేసుకుంటే ఆ నాలుగు ముక్కలు తమ ఇనుముతో ఆగవు, కంబులోని ఇనుమునూ లోపలికి లాగుతాయి. నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది.

కార్జం గొప్పతనం ఏమిటి?

ఇనుములో కార్జం ప్లీహం కన్నా చాలా వెనక. కానీ దాని కథ వేరు. 1920లలో అమెరికాలో జార్జ్ విపుల్ కుక్కలకు రక్తం తీసి రక్తహీనత తెప్పించి, ఏ తిండి పెడితే రక్తం త్వరగా పడుతుందో చూశాడు. కార్జం ముందు నిలిచింది. దాన్ని చూసి జార్జ్ మైనట్, విలియం మర్ఫీ అప్పట్లో ప్రాణాంతకమైన పెర్నీషియస్ రక్తహీనత రోగులకు రోజూ కార్జం తినిపించి 1926లో ఫలితాలు ప్రకటించారు. చావుకు సిద్ధపడ్డవాళ్లు లేచి తిరిగారు. ముగ్గురికీ 1934లో నోబెల్ వచ్చింది. అందులో పనిచేసింది ఇనుము కాదనీ, బి12 విటమిన్ అనీ తేలడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ మధ్యకాలంలోనే లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను చూడటానికి వచ్చింది. కూనూరు ప్రయోగశాలలోనూ పనిచేసింది. ఆ స్త్రీలకు ఈస్టు సారం పెడితే రక్తం పడింది. అందులోని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పని 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో జరిగింది. ఆ పరిశోధన విభాగానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందయింది. కార్జం సారంలోని రక్తం పట్టించే గుణాన్ని వేరుచేయాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. బి12 బయటపడిన 1948లోనే కన్నుమూశాడు. ఇవాళ బడిలో పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము పక్కన ఉన్న 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వెనక ఆ పనంతా ఉంది.

100 గ్రాముల గొర్రె కార్జంలో బి12 సుమారు 90 మైక్రోగ్రాములు. రోజుకు కావలసింది రెండు, రెండున్నర. విటమిన్-ఏ అదే 100 గ్రాముల్లో 7,400 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. ఇక్కడే ఆగి ఒక హెచ్చరిక చెప్పాలి. గర్భిణి అనగానే పుట్టింటివాళ్లు ప్రేమగా కార్జం పట్టుకొస్తారు. కానీ విటమిన్-ఏను ఈ రూపంలో రోజుకు 3,000 మైక్రోగ్రాములకు మించి తీసుకోకూడదు. తొలి నెలల్లో అతిగా చేరితే బిడ్డ అవయవాల ఎదుగుదలకే ముప్పు. ఇంగ్లండులో గర్భిణులను కార్జం మానమనే చెబుతారు. కాబట్టి ఆ నెలల్లో కార్జం పక్కనపెట్టి, కండ, గుడ్డు, చేప, ఆకుకూర, డాక్టరు రాసిన మాత్రలు చూసుకోవాలి. మామూలు మనుషులకు వారానికొకసారి 50 గ్రాములు చాలు.

ఎముకల చారు తాగితే విరిగిన కాలు అతుకుతుందా?

ఆట్టుకాళ్ల చారు వేడిగా, మిరియాల ఘాటుతో గొంతు దిగుతుంటే హాయిగా ఉంటుంది. తిండి మీద మనసు పోని రోగికి ఆకలి పుట్టిస్తుంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఎముకలోని సున్నం నీళ్లలో అంత సులువుగా కరగదు. గిన్నెడు చారులో దిగే కాల్షియం ఒక గ్లాసు పాలతో పోటీపడలేదు. చారు చల్లారితే గడ్డకట్టేది జిలాటిన్. అది మాంసకృత్తే గాని, ఒంటికి అవసరమైన ట్రిప్టోఫాన్ అందులో లేదు.

ఈ తగాదా చాలా పాతది. పారిస్ ఆసుపత్రుల్లో పేదవాళ్లకు మాంసం బదులు ఎముకల నుంచి తీసిన జిలాటిన్ సూపు పోస్తే చాలని కొందరు పెద్దలు వాదించారు. ఫ్రాన్స్ శాస్త్ర అకాడమీ దీన్ని తేల్చమని మజాందీ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక సంఘాన్ని వేసింది. ఒక్క జిలాటినే తిని జంతువులు బతకలేవని 1841లో ఆ సంఘం చెప్పింది. విరిగిన కాలు అతకడానికి పాలు, గుడ్డు, చేప, కాస్త కండ, ఎండ కావాలి. చారు వాటి పక్కన ఉండొచ్చు, వాటి బదులు కాదు. అయితే ఆ కాళ్ల మీద ఉన్న చర్మాన్నీ నారనూ, మూలుగనూ తింటే కొంత కొవ్వూ కొంత మాంసకృత్తులూ అదనంగా వస్తాయి.

కోడిలో ఏ ముక్క?

దీనికి పెద్ద జవాబు అక్కరలేదు. చర్మం లేని రొమ్ముముక్క 100 గ్రాముల్లో మాంసకృత్తులు 22 గ్రాముల పైన, కొవ్వు రెండున్నర. తొడలో మాంసకృత్తులు 20కి కాస్త తక్కువ, కొవ్వు నాలుగు. ఇనుము తొడలో రొమ్ముకు రెట్టింపు, కానీ రెట్టింపైనా ఒక మిల్లీగ్రాము దాటదు. కోడిలో ఇనుము వెతికేవాళ్లు కోడి కార్జం తినాలి. అందులో 9 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఫోలేటూ బాగా ఉంటుంది. కందెనకాయ గట్టిగా ఉన్నా కొవ్వు తక్కువ, మాంసకృత్తులు బాగానే ఉన్న ముక్క.

కార్జం మీద నీటిబుడగలు కనిపిస్తే?

అది కొనకండి. పశువుల కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ నీరు నిండిన తెల్లటి బుడగల్లా కనిపించేవి తరచుగా ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ తిత్తులు. ఆ బుడగ తిన్న మనిషికి నేరుగా జబ్బు రాదు. కుక్క తింటే దాని పేగుల్లో పురుగు పెరిగి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కుక్క మలంతో గడ్డి మీదా, నీళ్లలోనూ, దాని బొచ్చు మీదా చేరి, అక్కడి నుంచి మేకకూ, కుక్కతో ఆడుకునే పిల్లలకూ చేరతాయి. మనిషి కార్జంలో అదే బుడగ పెరిగితే శస్త్రచికిత్స దాకా పోతుంది. కొట్టు వెనక కుక్కలకు పనికిరాని ముక్కలు విసిరే అలవాటు ఈ చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. ఆ ముక్కల్ని కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి, లేదా కాల్చేయాలి. కొట్టువాణ్ణి ఆ మాట అడగడానికి మొహమాటపడొద్దు.

మరి మా ఇంట్లో ఎవరికి ఏది వడ్డించాలి?

ఎదిగే ఆడపిల్లకు, బాలింతకు సువరొట్టి, కండ ముందుగా. గర్భిణికి కండ పెట్టొచ్చు, కార్జం మాత్రం వద్దు. పండ్లు లేని ముసలివాళ్లకు మెత్తగా ఉడికిన మెడ మాంసం, సన్నగా కొట్టిన కైమా. కీళ్లవాతంతో యూరిక్ ఆమ్లం ఎక్కువున్నవాళ్లు కార్జం, ప్లీహం, మూత్రపిండాలకు దూరంగా ఉండాలి. ఆ ముక్కల్లోని ప్యూరిన్లు నొప్పిని రేపుతాయి. మెదడు 100 గ్రాముల్లో కొలెస్ట్రాల్ 1,300 మిల్లీగ్రాములు దాటుతుంది, గుండెజబ్బున్న ఇంటి పెద్దకు అది పెట్టడం మర్యాద కాదు. తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువ, వాళ్లకు సువరొట్టి హాని. ఆ పాపకు రక్తం తక్కువని డాక్టరమ్మ మాత్రలు రాసి ఉంటే, సువరొట్టి దొరికిందని వాటిని మానకూడదు. ఆదివారం ఒక్కరోజు తిన్న ముక్క మిగిలిన ఆరు రోజుల లోటును తీర్చలేదు. భోజనం అవగానే టీ గానీ కాఫీ గానీ తాగితే వాటిలోని వగరు పదార్థాలు కంబులోని, ఆకుకూరల్లోని ఇనుమును పట్టేసుకుంటాయి. కనీసం గంట ఆగాక తాగాలి.